హార్మోనియానికి దొరకని ట్రాక్

నాటకాల్లో పద్యాలు పాడే వీరాంజనేయులు గారు పద్యం చివర తీసిన రాగం దించకముందే కంప్యూటర్ డోలు మోగించింది. అలా జరగడం అది మూడోసారి. ఆయన హెడ్‌ఫోన్ తీసి నా ఒళ్లో పెట్టి, "నేనింకా పైనే ఉన్నా, ఇది కింద పెళ్లి మొదలెట్టిందేందయ్యా?" అన్నారు.

1988 వేసవి అది. విజయవాడలో ఒక స్టూడియోలో నేను అసిస్టెంట్ రికార్డిస్టుని. మైకులు పెట్టడం, టేపు ఎక్కించడం వరకే నా హోదా. చీఫ్ రికార్డిస్టుకు తీరిక లేక నన్ను నరసరావుపేట పంపారు. అక్కడ ఎరువుల కొట్టు బ్రహ్మయ్య గారు పల్నాడు మీద కొత్తగా పద్యాలు రాయించి, 'కంప్యూటర్ సంగీతం'తో క్యాసెట్ తీయాలని పట్టుబట్టారు. కొట్టు మేడమీద గదిలో గోడలకు ఖాళీ యూరియా గోతాలు వేలాడదీసి స్టూడియో అనిపించాం.

మా టేపు యంత్రానికి నాలుగు ట్రాకులు, అంటే నాలుగు శబ్దాలను విడివిడిగా ఎక్కించే దారులు. వోల్టేజీని బట్టి టేపు వేగం కాస్త అటూ ఇటూ అవుతుంది. కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. అందుకని నాలుగో ట్రాక్ మీద, ఎక్కడికి ఎంత సమయమైందో చెప్పే సంకేత శబ్దం ముందే ఎక్కిస్తాం. మనుషుల చెవికది పిండిమర బెల్టు జారినట్టుంటుంది. కంప్యూటర్ మాత్రం దాన్ని విని, టేపుతో సమంగా నడుస్తూ కీబోర్డులోని డోలు, మిగతా వాద్యాలు మోగిస్తుంది; వాటికి వేరే ట్రాక్ అక్కర్లేదు. ఆ శబ్దం పక్క ట్రాక్‌లోకి కారుతుంది కాబట్టి మూడో ట్రాక్ ఖాళీగా వదలాలి. ఒకటి గాత్రానికి, రెండు వంతపాటకు.

చిక్కు ఇక్కడే వచ్చింది. వీరాంజనేయులు గారికి ఇరవై ఏళ్లుగా హార్మోనియం వాయించే కోటేశ్వరరావు మాస్టారు మాచర్ల బస్సులో పెట్టెతో సహా దిగారు. ఆయనకు ట్రాక్ లేదు. ఆయన పని కంప్యూటరే చేస్తుందని బ్రహ్మయ్య గారు తేల్చేశారు.

"ఏమయ్యా ఇంజనీరూ, ఖాళీకి చోటిచ్చి, పెట్టె మోసుకొచ్చినోణ్ణి మెట్లమీద కూచోబెడతావా?" అన్నారు మాస్టారు. ఈ క్యాసెట్ హార్మోనియం లేకుండా వస్తే, రేపు నాటకాల కాంట్రాక్టర్లు కూడా తనను పిలవరని ఆయన భయం. అది ఉత్త భయమని నేననలేకపోయాను.

మూడో టేకు చెడ్డాక ఆయనే గుమ్మంలోకి వచ్చారు. "మా వీరాంజనేయులు చప్పట్లు పడందే రాగం దించడు. మీ యంత్రానికి ఆ సంగతి చెప్పారా?"

అది టేపు మీది శబ్దం తప్ప ఇంకేదీ వినదని చెప్పాను.

"అయితే ఆ టేపునే పాడమను."

అప్పుడు నాకు బుద్ధి వెలిగింది. సంకేతం టేపు మీద ఎలాగూ ఉంది. డోలును ముందే లెక్కగట్టి పెట్టే బదులు, ముందు గాత్రం ఎక్కించి, డోలు ఎక్కడ పడాలో తర్వాత కంప్యూటర్‌కు చెప్పవచ్చు. మాస్టారిని గాయకుడి పక్కనే కూర్చోబెట్టి, హార్మోనియం కూడా గాత్రం ట్రాక్‌లోనే పడేలా ఇద్దరికీ ఒకే మైకు పెట్టాను. చప్పట్లకు కొట్టులోని నలుగురు హమాలీలను పైకి రప్పించాం.

రాగం లేచింది. చప్పట్లు పడ్డాయి. రాగం దిగింది. అంతటితో ఆగక ఒక హమాలీ "వన్స్ మోర్!" అని అరిచాడు. ఆ కేక పడితే పద్యం మళ్లీ ఎత్తుకోవడం నాటకంలో మర్యాద. వీరాంజనేయులు గారు మర్యాద తప్పలేదు. మాస్టారూ తప్పలేదు. టేపు తిరుగుతూనే ఉంది.

అందరూ మజ్జిగకు కిందికి వెళ్లినప్పుడు, రాగం రెండుసార్లూ దిగిన సమయాలు రాసుకుని కంప్యూటర్‌లో డోలును అక్కడికి జరిపాను. వినిపిస్తే చప్పట్ల వెనకే సరిగ్గా పడింది. బ్రహ్మయ్య గారు పొంగిపోయి, "చూశారా, కంప్యూటర్ కాబట్టి ఇంత కరెక్టుగా కొట్టింది" అన్నారు.

"మజ్జిగ తాగొచ్చేసరికి దానికి చెవులు మొలిచినట్టున్నయ్యి" అన్నారు మాస్టారు.

రిటైరయ్యేదాకా నేను గాత్రం ముందు, యంత్రం తర్వాత అన్న వరస మార్చలేదు. తాళంలేని పద్యానికి వేరే పద్ధతి పనికిరాదు.

కవరు మీద 'కంప్యూటర్ సంగీతం' ముందా, 'హార్మోనియం: కోటేశ్వరరావు మాస్టారు' ముందా అన్నదానిమీద మాత్రం బ్రహ్మయ్య గారికీ మాస్టారికీ రాజీ కుదరలేదు. నాకు బస్సు కండక్టర్ ద్వారా పంపిన క్యాసెట్‌కు కవరు లేదు.