పిన్ని గిటారు తిట్టేది

పిన్ని పోయిందని బాబాయి ఫోన్ చేసేసరికి నేను నయా రాయపూర్‌లో ఆఫీసులో ఉన్నాను. గుండెపోటు. రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి చేరేటప్పటికి ఆమెను వరండాలో పడుకోబెట్టారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "ఎంత నెమ్మదైన మనిషి!" "ఎవర్నీ ఒక్క మాటనేది కాదు!" అంటున్నారు చుట్టూ చేరినవాళ్ళు. వాళ్ళు ఎవరి గురించి చెప్పుకుంటున్నారో నాకు అర్థం కాలేదు.

మా పిన్ని ఎలక్ట్రిక్ గిటారు వాయించేది. కాలనీ ఆర్కెస్ట్రాలో ఆమె ఒక్కతే ఆడది. ఆమెకు గిటారు చదువు చెప్పింది ఒక పాత కేసెట్టు. అమెరికాలో నల్లవాళ్ళ బృందం ఒకటి, నేను పుట్టకముందు చేసిన ఫంక్ రాక్ ఆల్బం అది. అందులో గిటారిస్టు కుడిచెయ్యి ఒక్క క్షణం ఆగదు. ఎడమచేతి వేళ్ళు తీగల్ని నొక్కీ నొక్కకుండా తాకి వదిలేస్తుంటాయి. స్వరానికి బదులు చికచికమని దెబ్బ వినిపిస్తుంది. ఆ వాయింపు విని ప్రపంచంలో ఎంతమంది తమ వాయించే తీరు మార్చుకున్నారో గానీ, రాయపూర్‌లో మా పిన్ని మార్చుకుంది. వాయించేముందు గాజులు తీసి యాంప్లిఫయర్ మీద పెట్టేది. అవి కూడా పాటతో పాటు అదిరేవి.

"గిటారు పాడాలంతారు అందరూ," అనేది నాకు నేర్పుతూ. "ఇది పాడదే. తిడతాది. సరిగ్గా ఇను."

నేను భయంభయంగా మీటితే ఒప్పుకునేది కాదు. "ఏటలా నిమురుతున్నావు? పిల్లి అనుకున్నావేటి? కోపం మొకంలో కాదు, సేతిలో ఎట్టు."

ఒక ఏడు ఆర్కెస్ట్రాకు ఛత్తీస్‌గఢీ పాటల సీడీ చేసే అవకాశం వచ్చింది. పిన్ని ఆ పాటల కింద తన కేసెట్టు చదువంతా పెట్టి వాయించింది. ఆ వినాయక చవితికి ఏ పందిరి దగ్గర చూసినా అదే మోత. సీడీ అట్ట మీద మాత్రం గిటారు అన్నచోట ఆర్కెస్ట్రా యజమాని బావమరిది పేరుంది. అతనికి గిటారు పట్టుకోవడం కూడా రాదు.

పిన్ని నన్ను వెంటేసుకుని యజమాని ఇంటికి వెళ్ళింది.

"ఇదేటి?"

"అరె, సంసారం చేసుకునేదానివి. నీ పేరు బజార్లో తిరిగితే మీ ఆయనకే బాగోదు. జర సమఝో, కాస్త అర్థం చేసుకో," అని నవ్వాడు. టీ తెమ్మని లోపలికి కేకేశాడు.

"నా పేరు బాగోదు గానీ, నా సెయ్యి బాగుందా?"

టీ వచ్చేలోపే లేచి వచ్చేసింది. మళ్ళీ అతనికి వాయించలేదు. అతనూ ఊరుకోలేదు. ఆమె ఝగడా మనిషని, గొడవలు పెడుతుందని మిగతా ఆర్కెస్ట్రాల వాళ్ళకి చెప్పుకొచ్చాడు. ఇక ఎవరూ పిలవలేదు. పిన్ని మళ్ళీ స్టేజీ ఎక్కకుండానే ముసలిదైంది. సాయంత్రాలు వరండాలో కూర్చుని ఆ ఆల్బంతో కలిసి వాయించుకునేది. రోజురోజుకీ ఆమె చెయ్యి బాగుపడుతూనే ఉండేది. అందుకే నాకు ఇంకా మండుతుంది.

పదోరోజు భోజనాల తర్వాత అదే యజమాని మైకు పట్టుకున్నాడు. "మా కళాకారులందరికీ అమ్మలాగా వండిపెట్టింది," అన్నాడు గొంతు వణికిస్తూ.

నేను లేచాను. "ఆవిడ మీకు వండిపెట్టలేదు. గిటారు వాయించింది. ఆ సీడీలో గిటారు మా పిన్నిది."

"బేటీ, ఇప్పుడా ఇవన్నీ?" అన్నాడతను.

అప్పటిదాకా గోడవారన కూర్చున్న బాబాయి లేచాడు. వ్యాగన్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి, పదిమందిలో నోరు విప్పడం నేనెన్నడూ చూడలేదు. "నాకు బాగోదని నీతో నానెప్పుడు సెప్పాను?" అన్నాడు.

యజమాని మైకు కుర్చీలో పెట్టి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. నాకు సంతోషం కలగలేదు. ఆ ఒక్క మాట పిన్ని చెవిన పడేలా అప్పుడే అనుంటే ఏం పోయింది? బాబాయి మీద కూడా కోపం వచ్చింది. ఆయన మొహం చూశాక అడగలేకపోయాను.

ఆయన నెమ్మదిగా దండ వేసి పెట్టిన పిన్ని ఫోటో దగ్గరికి వెళ్ళాడు. ఎప్పటిదో స్టేజీ ఫోటో అది. స్టూడియోవాడు గిటారు తీసేసి భుజాల వరకే కత్తిరించాడు. బాబాయి బంతిపూల దండను పక్కకు జరిపాడు. పిన్ని భుజం మీద, పైటకు అడ్డంగా, గిటారు పట్టీ నల్లగా కనిపించింది.