జాబితాకెక్కని నూట ఎనభై ఆరు

పుస్తకం వెన్ను మీద ఎండిపోయిన పాత జిగురును ఆమె మొద్దుకత్తితో గీకి తీస్తోంది. గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది, మెత్తగా నొక్కితే జిగురు రాదు. ఎంత నొక్కాలన్నది చేతికి తెలియాలి. జిగురు పోయాక కుట్టుదారాన్ని నాలుగు చోట్ల కోసి, ఫారాలను, అంటే మడిచి కుట్టిన కాగితాల కట్టలను, ఒక్కొక్కటిగా విడదీసి బల్ల మీద వరసగా పేర్చింది.

ఆమె ఒక పరిశోధన సంస్థ లైబ్రరీలో బైండరు. పదో తరగతితో చదువు ఆపి ఆ గదిలోకి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. లైబ్రరీకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో అప్పటి లైబ్రేరియన్‌కి మౌస్ ముట్టుకుంటే చెమటలు పట్టేవి. దాంతో ఆ పని ఈమె నెత్తిన పడింది. తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ తనంతట తానే నేర్చుకుంది. అప్పట్నుంచి పొద్దున బైండింగు, మధ్యాహ్నం లెక్కలు. ఏ శాస్త్రవేత్త ఎన్ని వ్యాసాలు రాశారు, వాటిని లోకంలో ఎంతమంది తమ వ్యాసాల్లో ప్రస్తావించారు అని తేల్చి పట్టీ రాసివ్వడం. ఆ ప్రస్తావనలనే అక్కడ సైటేషన్లు అంటారు. అలా ఆమెకు లెక్కలక్క అని పేరు పడింది. తనకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు.

"లెక్కలక్కా, ఈ వారం నాదేమైనా పెరిగిందా?" అని తలుపు దగ్గర నిలబడేవాళ్లు రోజుకు ఒకరైనా ఉంటారు.

"నానబెట్టిన శనగలనుకున్నారా, తెల్లారేసరికి ఉబ్బడానికి? వెళ్లి పని చూసుకోండి."

ఆ గురువారం ఆమె విప్పుతున్నది ముప్పై ఒక్క ఏళ్ల నాటి సంపుటం. మరమ్మతుకు రావడం ఇది మూడోసారి. ఎలా పెట్టినా రెండువందల పన్నెండో పేజీ దగ్గరే తెరుచుకుంటోంది. ఆ పేజీ అంచులు వేళ్ల తడికి నల్లబడ్డాయి. ఎవరిదో టీ గ్లాసు మచ్చ కూడా ఉంది. తిప్పి చూస్తే మంచినీటి నత్తలను గుర్తుపట్టే విధానం చెప్పి, కొత్త రకాలకు పేర్లు పెట్టిన వ్యాసం. రాసినవారు ఆ సంస్థలోనే రెండో అంతస్తులో ఉండే నత్తల మాస్టారు.

ఆమె చెయ్యి నెమ్మదించింది. పోయిన నెల గదుల కమిటీ కోసం అరవై రెండు మంది పట్టీ రాసిచ్చింది తనే. అందులో అందరికన్నా కింద ఉన్నది ఈయనే. ఆయన జీవితం మొత్తానికి నలభై ఒక్క సైటేషన్లు. సోమవారం పదకొండు గంటలకు కమిటీ కూర్చుంటుంది. పట్టీలో చివరనున్నవారి గది ఖాళీ చేయించి కొత్త యంత్రం పెడతారని అందరికీ తెలుసు. ఆ గది నిండా చెక్క బీరువాలు, వాటిలో పదకొండు వేల నత్తగుల్లలు, ప్రతి గుల్లకూ ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసిన చీటీ. గది పోతే అవన్నీ పెట్టెల్లోకెక్కి వెనక షెడ్డుకు వెళ్తాయి. షెడ్డు పైకప్పు కారుతుంది. చీటీ చివికిపోయిన గుల్ల ఎందుకూ పనికిరాదు.

సరిగ్గా అప్పుడే మాస్టారు తలుపు దగ్గరికి వచ్చారు. "అమ్మా, ఆ సంపుటం ఎప్పటికవుతుంది? పశువుల డాక్టర్లు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. పశువుల కాలేయంలో చేరే పురుగు ఏ నత్తలో పెరుగుతుందో తేల్చాలట."

"విప్పేశాను మాస్టారూ. ఆ పేజీలు తీసుకెళ్లి చూపించి పట్టుకొచ్చేయండి. అది సరే, మీ పేపరు వాడుకున్నవాళ్లు వాళ్ల పేపర్లలో మీ పేరు రాయరా?"

"ఎందుకు రాయరమ్మా? నత్త పేరు పక్కనే రాస్తారు. మొదట పేరు పెట్టినవాడి పేరూ, ఆ సంవత్సరమూ. అది మా పద్ధతి."

"మరి చివర్లో జాబితాలో?"

"అక్కడెందుకు? నత్త పక్కనే ఉంది కదా!"

ఆమె కత్తి కింద పెట్టింది. కంప్యూటరు చదివేది వ్యాసం చివరి జాబితానే. లోపల నత్త పేరుకు అతుక్కున్న మనిషి పేరు దానికి కనపడదు.

"పోయిన నెల పట్టీ చూశారు కదా. ఒక్క మాటైనా అనలేదేంటి మాస్టారూ?"

"మీ పట్టీలో తప్పుంటుందని ఎవరనుకుంటారమ్మా?" అని ఆయన కాగితాలు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.

తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

శుక్ర, శనివారాలు ఆమె పశువైద్యం పత్రికలూ, పరాన్నజీవుల పత్రికలూ ముందేసుకుని కూర్చుంది. నత్త పేరు ఉన్న వ్యాసాలన్నీ వెతికి, ఆయన పేరున్న పేజీలు అచ్చు తీసింది. శనివారం సాయంత్రానికి బరువైన కట్ట తయారైంది. దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లింది.

ఆదివారం పొద్దున ముందుగదిలో మడత బల్ల వేసి భర్తను కూర్చోబెట్టింది. ఆయన సిటీ బస్సు కండక్టరు. ఆయన పేజీ చూసి చదవాలి, ఆమె పుస్తకంలో టిక్కు పెట్టాలి.

"ఉన్న ఒక్క సెలవు నత్తలకి రాసిచ్చేశావన్నమాట," అన్నాడాయన కళ్లజోడు సర్దుకుంటూ. ఆ నోరు తిరగని నత్త పేర్లను స్టాపుల పేర్లలా గొంతెత్తి చదివాడు. "లిమ్నియా... లిమ్నియా... దిగేవాళ్లున్నారా?"

"అరవకండి, పక్కింటివాళ్లు సంచులు సర్దుకుని బయటికొస్తారు. పేరు పక్కన ఏ సంవత్సరముందో చెప్పండి."

"ముప్పై ఒక్క ఏళ్ల కిందటిది. మీ మాస్టారిదే. టిక్కెట్టు కొట్టు."

రెండుసార్లు ఆయన పేజీ వదిలేస్తే ఆమె పట్టుకుంది. ఒకసారి ఆమె ఒకే వ్యాసానికి రెండు టిక్కులు పెడితే ఆయన పట్టుకున్నాడు. "చూశావా, చెకింగు ఇన్‌స్పెక్టరు లేకపోతే ఇంతే," అని మీసం దువ్వుకున్నాడు. మధ్యాహ్నం భోజనం వేళకు కట్ట అయిపోయింది. మొత్తం నూట ఎనభై ఆరు. ఒక్కటి కూడా కంప్యూటరు లెక్కలో లేదు.

సోమవారం ఎనిమిదింటికే ఆమె రెండో అంతస్తు ఎక్కి మాస్టారి ముందు ఆ జాబితా పెట్టింది. ఆయన వేలుతో వరస వెంట నడుస్తూ మధ్యలో ఆగారు.

"ఈ పదకొండూ తీసెయ్యండమ్మా. ఇవి నన్ను మెచ్చుకున్నవి కావు. నేను రెండు రకాలన్న నత్త నిజానికి ఒకటే రకమని రాసినవి. తప్పు నాదే."

"తప్పని రాయడానికైనా మీది చదవాలి కదా మాస్టారూ. పైగా కంప్యూటరు మిగతా అరవై ఒక్కమందికీ మెప్పూ తప్పూ కలిపే లెక్కపెట్టింది. మీ ఒక్కరికీ వేరే కొలత పెట్టలేను."

"చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"దాచితే కదా అనుకోడానికి. వేరే వరసలో వేస్తాను. వాడుకున్నవి నూట డెబ్భై అయిదు, దిద్దినవి పదకొండు."

ఆయన జాబితాను ఆమె వైపు జరిపి, "మీ ఇష్టం," అన్నారు.

ఇక్కడితో అయిపోలేదు. ఇలా లోపల దాగిన పేర్లు మిగతావాళ్లకూ ఉంటే ఒక్కరికే కలపడం అన్యాయం. పట్టీలో అందరికన్నా పైనున్నది కింది అంతస్తులో గుండె కణాల మీద పనిచేసే మేడమ్. మేడమ్ రంగానివి ముప్పై వ్యాసాలు లెక్కలక్క తీసి చూసింది. లోపల పేరు ఉండి చివరి జాబితాలో లేనిది ఒక్కటి కూడా దొరకలేదు. ఆ రంగంలో ఆ అలవాటే లేదు.

రంగానికీ రంగానికీ నడకలోనే తేడా. కణాలవాళ్లు వేలమంది, ఒక్కొక్కరు వ్యాసం చివర అరవై డెబ్భై పేర్లు రాస్తారు. నత్తలవాళ్లు లోకమంతా వెతికినా ఒక బస్సు నిండరు, పదిహేను పేర్లు రాస్తే ఎక్కువ. బైండరుగా ఆమెకు ఇంకో సంగతి కూడా తెలుసు. కణాల పత్రికలు కొత్తగా కట్టించుకోవడానికే తన దగ్గరికి వస్తాయి. మూడేళ్లు దాటితే ఎవరూ ముట్టరు కాబట్టి మరమ్మతుకు రావు. నత్తల పత్రికలు ముప్పై ఏళ్లయినా చిరిగి వస్తూనే ఉంటాయి. అలాంటివాళ్లను ఒకే అంకెతో పక్కపక్కన నిలబెట్టింది తను. అడిగింది వాళ్లే అయినా, రాసిచ్చింది తనే.

అందుకే కొత్త పట్టీలో ఇంకో గడి గీసింది. అదే ఏడు, అదే రంగంలో వచ్చిన వ్యాసానికి సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నది అందులో వేసింది. మేడమ్‌గారి పెద్ద వ్యాసానికి తొంభై ఒకటి, ఆ రంగం సగటు డెబ్భై. మాస్టారి నత్తల వ్యాసానికి జాబితాకెక్కినవే ఇరవై మూడు, సగటు తొమ్మిది. ఎక్కని నూట ఎనభై ఆరు పక్క గడిలో, ఈ రెంటితో కలపకుండా.

పదిన్నరకు ఆఫీసు సూపరింటెండెంటు ముందు రెండు కాగితాలు పెట్టింది. ఆయన మొదటిదాంట్లో మేడమ్, మాస్టారు ఇద్దరి పేర్లూ చదివి తలెత్తాడు.

"ఇంకో అరగంటలో మీటింగు. ఇప్పుడు తెచ్చారా? ఒక పని చేద్దాం లెక్కలక్కా. పాత పట్టీలో ఆయన అంకె ఒక్కటి దిద్దండి చాలు. నలభై ఒకటి కొట్టేసి రెండువందల ఇరవై ఏడు వెయ్యండి. ఆయన మధ్యలోకి వస్తాడు, ఎవరి గదీ పోదు."

"వేరొకరు కిందికొస్తారుగా. వాళ్ల గది పోదా? వాళ్ల రంగానికి ఏ అలవాటుందో నేనింకా చూడలేదు."

"అయితే ఏం చేద్దామంటారు?"

"రెండో కాగితం చదవండి."

అది నాలుగు వాక్యాల ఉత్తరం. పోయిన నెల తాను ఇచ్చిన పట్టీ వేర్వేరు రంగాలను ఒకే అంకెతో పోల్చిందనీ, కనీసం ఒకరి విషయంలో లెక్క తప్పిందనీ, ఆ తప్పు తనదేననీ, అందువల్ల మొత్తం పట్టీని వెనక్కి తీసుకుంటున్నాననీ రాసుంది. జోడించిన ఇద్దరి లెక్క మచ్చు మాత్రమే. అందరిదీ ఆ పద్ధతిలో చెయ్యడానికి ఆరు వారాలు కావాలి.

సూపరింటెండెంటు ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. "డైరెక్టరు ఊరుకోడు. ఇరవై ఆరేళ్లలో మీ మీద ఒక్క రిమార్కు లేదు."

"ఇప్పుడు ఒకటుంటుంది. ముద్ర వెయ్యండి."

ఆయన నిట్టూర్చి మీటింగు ఫైలు విప్పాడు. గది కేటాయింపు అంశానికి వెనకాల గుచ్చి ఉన్న ఆధారం ఆ పాత పట్టీ ఒక్కటే. దాన్ని ఊడదీస్తే ఆ అంశం వెనక ఏమీ మిగల్లేదు. "ఆధారం లేకుండా అంశం పెడితే మొదట నన్నే అడుగుతారు," అంటూ అజెండాలో ఆ అంశం మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన 'కొత్త పట్టీ వచ్చేవరకు వాయిదా' అని రాశాడు.

ఆమె రెండు కాగితాల అంచులూ బల్ల మీద తట్టి సమం చేసి, మూలన గుచ్చి, తేదీ వేసి సంతకం పెట్టి అందించింది. ఆయన అందినట్టు ముద్ర వేసి ఫైలులో పెట్టి తాడు కట్టాడు.