మాణిక్యం చూసొచ్చిన ఇల్లు

బెజవాడ వన్‌టౌన్ కొట్లలో మాణిక్యం మడత విప్పించని చీర లేదు, కొన్న చీరా లేదు. వీరభద్రయ్య గారి కొట్లో ఆమెది పేరుకు సేల్స్ ఉద్యోగం. అసలు పని ఎదుటి కొట్లలో. పెళ్లిచీరలకు వచ్చినదానిలా కూర్చుని, ఏ రకం పోతోంది, ఎంతకు దిగుతున్నారు, సరుకు ఎక్కడిది, అన్నీ పసిగట్టి "మావారిని తీసుకొస్తానండీ" అని లేచేది. కప్పలదొడ్డి నేతగాళ్ల ఇంటి ఆడపిల్ల. అంచు తిరగేసి చూస్తే చాలు, ఎవరి నేతో చెప్పేసేది. ఆ గర్వమే కొంప ముంచింది.

ఆ శ్రావణంలో రామకోటేశ్వరరావు కొట్లో ఒక నెమలికంఠం రంగు చీరకు జనం ఎగబడ్డారు. వీరభద్రయ్య ఆమెను పంపాడు.

"ఎవరి నేతమ్మా?" అన్నాడు, తిరిగి రాగానే.

"మా అన్నయ్య బసవయ్యదండీ! ఆ చెయ్యి నాకు తెలీదా?"

అన్నకు ఈ కొట్టు పని కూడా దొరుకుతుందని ఆ పిచ్చిది ఆశపడింది. ఇంటిగుట్టు లంకకు చేటని దానికెవరు చెప్పాలి?

వాళ్లింట్లో కొత్త రకం దింపితే మొదటి చీర ఆడపడుచుకే. దీపావళికని నేసిన కొత్త రకంలోనూ బసవయ్య మొదటిది ఆమెకే పెట్టాడు. "దీపావళిదాకా కట్టకమ్మాయ్, రామకోటేశ్వరరావు గారు ఒట్టేయించుకున్నారు" అన్నాడు. మాణిక్యం కట్టలేదు. తీసుకెళ్లి వీరభద్రయ్యకు చూపించి, అన్నకు పనిమ్మని అడిగింది. అతను మెచ్చుకుని, చీర రెండు రోజులు ఉంచమన్నాడు.

దీపావళికి ముందే అదే చీర మరమగ్గం మీద దిగి, మూడో వంతు ధరకు వీరభద్రయ్య కొట్టు ముందు వేలాడింది. బసవయ్యే అమ్ముకున్నాడనుకుని రామకోటేశ్వరరావు అతనికి నేతకిచ్చే నూలు ఆపేశాడు. మిగతా షావుకార్లకూ చెప్పాడు. ఇంట్లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. వేరే దారిలేక బసవయ్య వీరభద్రయ్య దగ్గరికే వచ్చి పని అడిగాడు.

"చూద్దాంలే" అని అతన్ని పంపేసి, వీరభద్రయ్య మాణిక్యాన్ని పిలిచాడు. "ఓసారి మీ అన్న ఇంటికెళ్లిరామ్మా. ఎన్నాళ్లు ఆగగలడో చూసొస్తే కూలి మాట్లాడదాం."

"మా అన్నయ్యండీ..."

"తెలుసమ్మా. వేరేవాళ్లని వంటింట్లోకి రానిస్తారా?"

మొహాన ఉమ్మేసి రావలసింది. ఉద్యోగం పోతుందని భయపడి, ఊరి బస్సెక్కింది.

"ఎవడో ద్రోహి, వాడి చేతులు పడిపోను" అని బసవయ్య శాపనార్థాలు పెడుతూనే ఉన్నాడు. వదిన హనుమాయమ్మ కొసరి కొసరి వడ్డించింది. "తినమ్మా. మీ ఓనరు గారికి నువ్వే ఓ మాట చెప్పాలి" అంది. మాణిక్యం తింది. చేతులు కడుక్కునే నెపంతో వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బా మూత తీసి చూసింది.

మర్నాడు తల వంచుకుని చెప్పింది. "బియ్యం అడుగంటాయండీ. వదిన చెవులకి కమ్మలు లేవు. పది రోజులకు మించి ఆగలేరు."

వీరభద్రయ్య పది రోజులూ ఆగి, పదకొండో రోజున కబురు పెట్టాడు. బసవయ్య సగం కూలికి ఒప్పుకున్నాడు. అంతా చెల్లెలి చలవేనని, కొట్లో అందరి ముందూ మాణిక్యానికి దండం పెట్టాడు.