అయ్యగారి రిపోర్టుకు తాళం

నిన్న ఒక నర్సింగ్‌హోమ్ యజమాని గదిలో కూర్చోగానే స్పిరిట్ వాసన ముక్కుకు తగిలింది. నాకు ఒళ్లు మండింది. ఆయన తప్పేమీ లేదు. రోగుల రికార్డులు దాచడానికి ఏ క్లౌడ్ చవకో చెప్పమన్నాడు, అంతే. నాకు మాత్రం లక్ష్మీకాంతమ్మగారు గుర్తొచ్చారు.

ఒడిశా బరంపురంలో, గోసాని నువాగాం పేటలో మేం పనిచేసిన రక్తం, కఫం పరీక్షించే ల్యాబులో ఆవిడ పెద్ద టెక్నీషియన్. నేను కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఆవిడ ప్రతి రిపోర్టునూ మడిచి, పిన్ను కొట్టి, బోర్లించి ఇచ్చేవారు. జబ్బు పేరు పైకి అనేవారు కాదు. చాదస్తమని నేను నవ్వుకునేవాణ్ణి. రిపోర్టులన్నీ క్లౌడ్‌లో పెట్టమన్న మా యజమాని, మనిషికొక పాస్‌వర్డ్ ఉండే పద్ధతి ఖర్చెక్కువని కొట్టేశాడు. దాంతో అందరివీ ఒకే ఫోల్డర్‌లో పడేసి, లింకు ఉన్నవాళ్లెవరైనా తెరిచేలా పెట్టాను. ఆయన ఇంటివాళ్ల రిపోర్టులు మాత్రం వేరేచోట, డబ్బు కట్టి, తాళం వేసి ఉంచాను. ఆయన అడిగాడు, నేను చేశాను. సిగ్గులేని పని.

గోపాల్‌పూర్‌లో ఎండుచేపలు అమ్మే ఒకావిడకు క్షయ అని తేలింది. అదే వీధివాడు తన రిపోర్టు కోసం మేం పంపిన లింకు తెరిచి ఆవిడదీ చూశాడు. వారం తిరక్కుండా ఆవిడ గంప దగ్గరికి వచ్చేవాళ్లే లేకపోయారు. ల్యాబుకు వచ్చి అరవలేదు, ఏడవలేదు. “నా మొగుడికే సెప్పనేదు బాబూ. ఊరందరికీ ఎవులు సెప్పినారు?” అని అడిగింది. సర్వర్‌లో ఏదో పొరపాటన్నాడు యజమాని. నేనూ తలూపాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

ఆవిడ వెళ్లాక లక్ష్మీకాంతమ్మగారు నా కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డారు.

“అయ్యగారి ఇంటోళ్ల కాగితాలు ఎవులైనా సూసినారేటి?”

“లేదండీ. వాటికి తాళం ఉంది.”

“అయితే తాళం ఎయ్యడం నీకొచ్చు.”

నేను కంప్యూటర్ వైపు తిరిగి ఆ ఫోల్డర్ తెరిచాను.

“రానోడివైతే ఊరుకుందును. వచ్చుండీ ఆవిడికి ఎయ్యనేదు. ముందది మూసీ. తరవాత గోపాల్‌పూర్ ఎల్దాం. సర్వరు గిర్వరు అనకు, నీ నోటితో నువ్వు సెప్పు.”

ఫోల్డర్ మూసేసి బస్సెక్కాం. చేపలావిడ గుమ్మంలో నిలబడి, పెట్టింది నేనే, తప్పు నాదే అని చెప్పాను. అంతా విని తలుపు వేసుకుంది. వేసుకోదా మరి? మర్నాడే ఆ ఉద్యోగం మానేశాను.

ఇప్పుడు ఎవరు చవకది అడిగినా ఒకటే చెబుతాను. “పెట్టొచ్చండీ. కాని మీ ఇంట్లోవాళ్ల రిపోర్టులు కూడా అందులోనే ఉంటాయి.” ఆ మాట విన్నాక చాలామంది ధర సంగతి మళ్లీ ఎత్తరు, తాళం ఉన్నదే పెట్టమంటారు. అప్పుడు నాకు ఇంకా కోపం వస్తుంది.