కీ తిప్పే మనిషి

రెంటచింతల ఇన్నయ్య మాస్టారు తూకపురాళ్లు తిరగేసి చూడందే చింతపండు కూడా కొనరు. స్ప్రింగు తెగిన పాత గ్రామఫోనును బస్సులో ఒళ్లోనే పెట్టుకుని నరసరావుపేట తెచ్చారు. రిపేరు కొట్టు మస్తాను విప్పిన ప్రతి ముక్క మీదా, ఎక్కడ మార్చేస్తాడోనని, మేకుతో చిన్న సిలువ గీస్తూ కూర్చున్నారు.

“మీ ఇంటికి కరెంటొచ్చింది గదా మాస్టారూ, ఇంకా ఈ స్ప్రింగెందుకు? మోటారు బిగిస్తా. కీ తిప్పే పనే ఉండదు,” అన్నాడు మస్తాను.

“ఏందీ, ఎవరూ తిప్పక్కర్లేదా?” మాస్టారు అనుమానంగా చూశారు.

“పక్కన మనిషే అక్కర్లేదు!”

మాస్టారి చేతిలో మేకు ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లుగా రోజూ సాయంత్రం ఆయన పాట పెట్టగానే భార్య శౌరమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. పాట నీరసించి సాగినప్పుడల్లా లేచి కీ తిప్పుతుంది. ఆమె వచ్చేది పాట కోసమో, తన కోసమో, ఉత్త కీ తిప్పడానికో ఆయనెప్పుడూ అడగలేదు.

“స్ప్రింగే వెయ్యి. కరెంటును నమ్మలేం,” అన్నారు.

లోకంలో ప్రతిదాన్నీ తిరగేసి చూసే ఆ మనిషికి ఈ ఒక్కదాన్ని తిరగేసి చూసే ధైర్యం చాల్లేదు.