గురువారం, ఏడింటికి, బండి దగ్గర

"మన రఘు గడ్డం పెంచిండా ఏంది?" అని అడిగాడు నరహరి, అన్నం కలుపుతూ. "పొద్దున రోడ్డుకు ఆ పక్కకెల్లి పోతుంటే చూసిన. మాస్కు కింద గడ్డం. వాడేనా, వేరేటోడా అనుకున్న."

కూతురు హారతి పకపకా నవ్వింది. "బాపూ, దాఢీ పెంచి మహీనా అయింది. ఒక్క ఇంట్లనే ఉంటున్నం గదా, నీకు మాలూమ్ లేదా?"

నరహరి భార్య భూదేవికి నవ్వు రాలేదు.

అది 2020 ఆగస్టు. నరహరి పాతికేళ్ల కిందట జగిత్యాల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చి, కడోదరాలోని ఒక సాంచెల కార్ఖానాలో, మరమగ్గాల మీద బట్ట నేసే పనికి కుదిరాడు. ఇరవై రెండేళ్ల కొడుకు రఘుపతి కూడా అక్కడే, పై అంతస్తులో పనిచేస్తాడు. తండ్రిది పగలు డ్యూటీ, కొడుకుది రాత్రి డ్యూటీ. మార్పు పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి. కరోనా వచ్చాక లోపలికి పోయేది ముందు గేటు, బయటికి వచ్చేది వెనక గేటు అయింది. ఆగిన సరుకంతా నేయాలని సేఠ్ వారానికో రోజు ఇచ్చే సెలవు కూడా ఎత్తేశాడు. దాంతో తండ్రీకొడుకులు ఒకే గదిలో ఉంటూ ఒకరికొకరు కనబడకుండా పోయారు.

లాక్‌డౌన్‌లో అలా లేదు. సాంచెలు బందయి, వాడలో సగం మంది రైళ్లెక్కి ఊళ్లకు పోయినా వీళ్లు పోలేదు. రెండు నెలల పైన నలుగురూ రోజూ ఒకేసారి కూర్చుని తిన్నారు. ఎవరో పంచిపెట్టిన కిచిడీ తిన్న రోజులూ ఉన్నాయి. కొడుక్కు వంకాయ పడదని నరహరికి తెలిసింది అప్పుడే. కడుపు సగమే నిండినా, ఆ రోజులను తలుచుకుంటే భూదేవికి ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. కలిసి తినడం కూడా పోనిస్తే ఇంకేం మిగలదని ఆమెకు గట్టిగా అనిపించింది.

మరునాడే కార్ఖానా మాస్టర్ ఓంప్రకాష్ దగ్గరికి వెళ్లింది. ఆయనదీ వాళ్ల జిల్లానే.

"ఇద్దరికీ ఒక్కటే డ్యూటీ ఇయ్యి మాస్టరూ."

"ఎట్లిస్తనమ్మా? ఒకరికి జరమొస్తే ఇద్దరూ ఇంట్ల పండుకుంటరు. ఒక్క డ్యూటీల రెండు జాగల సాంచెలు ఆగితే సేఠ్ నన్ను ఊకుంటడా?"

ఆ మాటలో తప్పేమీ లేదు. భూదేవి ఇంటికొచ్చి, కూలికి తెచ్చుకున్న చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తూ మూడు రోజులు ఆలోచించింది. డ్యూటీ మారకపోతే పోనీ. సాయంత్రం ఏడింటికి ఒకరు బయటికి వస్తారు, ఒకరు లోపలికి పోతారు. ముందు గేటు ఎదురుగానే తినుబండారాల బండ్లు మళ్లీ పెడుతున్నారు. అరగంట దొరికితే చాలు.

రఘుపతి పక్క సాంచెలు నడిపేది ముత్యం. పెళ్లాం బిడ్డలను ఊళ్లో ఉంచి, వాళ్ల వాడలోనే ఒంటరిగా ఉంటాడు. భూదేవి పోయి అడిగింది.

"అన్నా, ప్రతి గురువారం అద్దగంట మా రఘు సాంచెలు జర చూసుకుంటవా?"

"నాయే ఎనిమిది ఉన్నయి చెల్లె. రెండు దిక్కుల దారం తెగితే ఎటు ఉరుకాలె?"

ఆమె మరునాడు మళ్లీ పోయింది. ఆ మరునాడూ పోయింది. నాలుగో రోజు ముత్యం తన బాధ చెప్పుకున్నాడు. భార్య పనికి పోయి వచ్చి ఫోన్ చేసేసరికి ఎనిమిదవుతుంది. సాంచెల మోతలో బిడ్డ మాట వినబడక రెండు నెలలయింది.

"గట్లయితే సోమవారం నీ సాంచెలు మా రఘు చూస్తడు. నువ్వు బయటికి పోయి బిడ్డతోని సుకంగ మాట్లాడుకో," అంది భూదేవి.

ముత్యం ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది నరహరి.

"కరోనా టైంల బండి మీద తినుడేంది? పిచ్చి లేసిందా నీకు?"

"పళ్లాలు ఇంటికెల్లి తెస్త. వేడినీళ్లు తెస్త. నువ్వు వచ్చి కూసో, చాలు."

ఆ గురువారం ఏడు కాకముందే భూదేవి, హారతి నాలుగు స్టీలు పళ్లాలతో మూతబడ్డ ఒక దుకాణం అరుగు మీద కూర్చున్నారు. నరహరి బట్టలకంటిన దూది దులుపుకుంటూ వచ్చాడు. రఘుపతి సాంచెలు ముత్యానికి అప్పజెప్పి పరుగున వచ్చాడు. హారతి బండివాడితో గుజరాతీలో మాట్లాడి లోచో పెట్టించింది. ఆవిరి మీద ఉడికిన మెత్తని శనగపిండి ముద్ద, పైన నూనె, సన్న కారప్పూస, ఉల్లిగడ్డ ముక్కలు, పక్కన పచ్చని చట్నీ. పక్క బండి నుంచి చిన్న చిన్న పూరీలు, బటానీల కూర వచ్చాయి. పొగలు కక్కుతున్న ముద్దను ఊదుకుంటూ, ఒకరి పళ్లెంలోది ఒకరు తీసుకుంటూ తిన్నారు. చట్నీ ఘాటుకు నరహరి కళ్లవెంట నీళ్లొచ్చాయి. అయినా ఇంకొంచెం వేయించుకున్నాడు.

మాస్కు తీసిన కొడుకు ముఖాన్ని అతను తింటున్నంతసేపూ చూస్తూనే ఉన్నాడు. చివరికి, "మంచిగనే ఉన్నదిరా గడ్డం," అన్నాడు.

రఘుపతి తల వంచుకుని పూరీ తుంచాడు. "తీసేద్దామనుకున్న బాపూ. ఇగ ఉంచుత."

మూడో గురువారం మాస్టర్ కంటబడ్డారు. "డ్యూటీల ఉండాల్సినోడివి ఈడ పూరీలు తింటున్నవా?" అని రోడ్డు మీదే అరిచాడు. రఘుపతి లేవబోయాడు. భూదేవి కొడుకు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తాను లేచింది.

"మాస్టరూ, పైకి పోయి చూసిరా. ఒక్క సాంచె ఆగి ఉన్నా, వచ్చే గురువారం మేము ఈడ కనవడం."

ఆయన విసవిసా లోపలికి పోయాడు. వాళ్లు ముద్ద మింగకుండా ఎదురుచూశారు. కాసేపటికి బయటికొచ్చిన మాస్టర్ వాళ్లవైపు రాకుండా, తనకూ ఒక ప్లేటు లోచో పెట్టమని బండివాడికి చెప్పాడు. తిని చెయ్యి కడుక్కుంటూ, "సేఠ్ వచ్చే దినం మాత్రం వద్దు," అన్నాడు. అంతే.

చలికాలానికల్లా ఆ అరుగు మీద ఇంకో రెండు కుటుంబాలు చేరాయి.

2021 ఏప్రిల్‌లో బండ్లు మళ్లీ మూతపడ్డాయి. నరహరికి కరోనా వచ్చి, పదిహేడు రోజులు గదిలో ఒక మూల దుప్పటి అడ్డం కట్టుకుని పడుకున్నాడు. భూదేవి దుప్పటికి ఇవతల కూర్చుని, అతను గంజి తాగేదాకా కదిలేది కాదు. తగ్గాక కూడా నోటికి రుచి తిరిగి రాలేదు. వానలు మొదలై బండ్లు తెరిచిన మొదటి గురువారం, "ఏం తెలుస్తలేదే, మట్టి తిన్నట్టున్నది," అన్నాడు. అయినా కొడుకు పళ్లెం ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

మరుసటి ఏడాది రఘుపతికి సూరత్‌కు ఆ చివరన ఉన్న ఇచ్ఛాపూర్‌లో కంపెనీ పని దొరికింది. అక్కడే గది తీసుకోవాలి. సెలవు ఆదివారం; నరహరి కార్ఖానాలోనూ అప్పటికి ఆదివారం సెలవు మళ్లీ ఇస్తున్నారు. సామాను సర్దుతూ, అంత దూరమైతే ఇక అందరూ కలవడం కష్టమేనన్నాడు నరహరి.

భూదేవి కూతురి వైపు తిరిగింది. "ఆదివారం ఇచ్ఛాపూర్‌కెల్లి డుమస్‌కు బస్సు ఎన్నింటికో ఫోన్‌ల చూడవే. ఆడ సముద్రం ఒడ్డుకు టమాట భజియాల బండ్లు ఉంటయట."