మా వైఫై మీద నడిచిన గాలిపెట్టె

నాకు అనుమానం ఎక్కువ. మా ఆయన దాన్ని జబ్బు అంటాడు, నేను జాగ్రత్త అంటాను. సర్కారు బడిలో టీచరుగా ఉన్న రోజుల్లో జనాభా లెక్కలకూ, ఓటర్ల లెక్కలకూ, ఆఖరికి మరుగుదొడ్ల లెక్కలకూ మమ్మల్నే తోలేవారు. గడపగడపకూ తిరిగి ప్రశ్నలు అడిగినదాన్ని. జనం ఏ ప్రశ్నకు ఏ ముఖం పెట్టి అబద్ధమాడతారో నాకు బాగా తెలుసు. అందుకే నా గడప ముందుకు ఎవరైనా ప్రశ్నలు పట్టుకొస్తే, జవాబు చెప్పే ముందు వాళ్ళను నేనే నాలుగు ప్రశ్నలు అడుగుతాను.

భుజానికి సంచి తగిలించుకుని డాక్టర్ల దగ్గర పనిచేసే ఒక అమ్మాయి కొండాపూర్‌లోని మా గల్లీకి వచ్చిన రోజు కూడా అంతే. మర్యాదగా నమస్కారం పెట్టి, “మీరు మా పరిశోధనలో భాగం కావాలండి” అంది. నేను గేటు తీయలేదు.

“రక్తం తీస్తరా?”

“లేదండి.”

“కొత్త మందులు మింగిపిస్తరా?”

“అయ్యో, లేదండి.”

“మరి ఏం తీస్కపోతరు మా దగ్గర?”

ఆ అమ్మాయి నవ్వింది. “మీ సలహా తీసుకెళ్తామండి.”

సలహా! నాకు ఒళ్ళు మండింది. దవాఖానలో చీటీ రాసేటప్పుడు తలెత్తి మన ముఖం చూడని డాక్టర్లకు ఇప్పుడు మన సలహా కావాల్సి వచ్చిందా? ఇందులో ఏదో ఉందనుకున్నాను. ఆమె ఓపిగ్గా చెప్పుకొచ్చింది. పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్న చోట చిన్నపిల్లలకు ఆయాసం ఎందుకు వస్తోందో చూస్తారట. మామూలుగా ఏం చూడాలో, ఎలా చూడాలో డాక్టర్లే తేల్చుకుని వస్తారు. ఈసారి జబ్బుపడ్డ పిల్లల ఇళ్ళవాళ్ళు, గల్లీవాళ్ళు మొదటి నుంచీ తమతో కూర్చుని చెప్పాలట. ఆయాసం అన్న మాట వినగానే నా చెయ్యి గేటు గొళ్ళెం మీదికి పోయింది.

ఎందుకంటే మా కింద గదిలో ఒక పిల్ల ఉంది. ఊరు నగరంలో కలిసిపోయాక మాకు మిగిలిన జాగాలో పైన మేముంటాం, కింద వరుసగా గదులు కట్టి కిరాయికి ఇచ్చాం. చివరి గదిలో పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం. ఆయన సెంట్రింగ్ పని చేస్తాడు. ఆమె హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్. వాళ్ళ బిడ్డ ఒకటో తరగతి. ఆ గదికి వెనకాలే ప్రహరీ, ప్రహరీ అవతల కాంక్రీటు కలిపే ప్లాంటు.

తెల్లవారగట్ల ఆ పిల్ల దగ్గు పైకి వినిపిస్తుంది. దగ్గు ఆగితే ఇంకా భయం. భుజాలు పైకి ఎగేసి, నోరు తెరిచి, ఒక్కో ఊపిరినీ లాక్కుంటూ మెట్ల మీద కూర్చుంటుంది. దవాఖానలో మాస్కు పెట్టి మందు పీల్పించి పంపుతారు, వారం తిరక్కుండా మళ్ళీ మొదలు. ఇంట్లో పొగ ఉందా, దుమ్ము ఉందా అని డాక్టరు అడిగితే తల్లి లేదని తల ఊపుతుంది. ఇట్లాగే ఉంటే బడి మాన్పించి ఊళ్ళో నాయనమ్మ దగ్గర దింపి వస్తామని ఆమె రెండుసార్లు నాతో అంది. అక్షరాలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్న పిల్ల. బడి మానేస్తుందని ఒక బాధ, ఏదో ఒక తెల్లవారుజామున ఆ ఊపిరి అందకుండా పోతుందేమోనని అంతకంటే పెద్ద భయం. అందుకే తల ఊపి గేటు తీశాను. నమ్మి మాత్రం కాదు.

మొదటి మీటింగు కమ్యూనిటీ హాల్లో పెట్టారు. డాక్టర్లు ఒక వైపు, మేము ఒక వైపు. మా వైపు ఎవరున్నారంటే నేను, కిరాణా షాపాయన, అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ, ఇద్దరు ముగ్గురు ఇంటి ఓనర్లు. సమోసాలు వచ్చాయి. సమోసా పెట్టి సంతకం తీసుకునే మీటింగులు నేను చాలా చూశాను కాబట్టి ముట్టుకోలేదు. “మీరు గట్ల, మేం గిట్ల కూసుంటే ఇది మీటింగ్ కాదు, ఇంటర్వ్యూ. కుర్చీలు కలపుండ్రి” అన్నాను. పెద్ద డాక్టరు లేచి తన కుర్చీ తానే మోసుకొచ్చాడు. అది చూసి కొంచెం మెత్తబడ్డాను కానీ బయటపడలేదు.

తర్వాత ఆయాసం ఉన్న పిల్లల ఇళ్ళలో గాలిని కొలిచే పెట్టెలు పెట్టారు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. గాలి బాగుంటే పచ్చ లైటు, చెడితే ఎర్ర లైటు. కింద గదిలో మంచం పక్కన గోడకు బిగించాక, దానికి ఇంటర్నెట్ కావాలని ఆ అమ్మాయి నా వైఫై అడిగింది. అదేం అడుగుడని కాసేపు గునిసి, నా ఫోన్‌లోంచి పాస్‌వర్డు నేనే కొట్టాను. కింద గదామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా ఇద్దరినీ, నా చేతిలోని ఫోన్‌నూ చూస్తూ నిలబడింది.

నెల గడిచాక మళ్ళీ కూర్చున్నాం. ఆ గది గాలి బాగానే ఉందన్నారు.

“ఏ గది?” అన్నాను.

“మీ కింద గదేనండి. మేం చూసిన వాటిల్లో శుభ్రమైన గదుల్లో అదొకటండి. పాపకి వేరే కారణం ఉండొచ్చు.”

నా కోపం నషాళానికి అంటింది. మా మిద్దె మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి సిమెంటు రంగుకు తిరుగుతాయి. పిల్లేమో మెట్ల మీద కూర్చుని చేపపిల్లలా నోరు తెరుస్తుంది. గాలి బాగుందట! ప్లాంటువాళ్ళు వీళ్ళను కొనేసి ఉంటారని నాకు ఖాయమైపోయింది. అనుకుని ఊరుకుంటే నేను నేనెందుకవుతాను, పైకే అనేశాను.

ఆ అమ్మాయి కళ్ళు ఎర్రబడ్డాయి. “మేము ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదండి. పెట్టె అబద్ధం చెప్పదండి.”

“పెట్టె చెప్పకపోవచ్చు. నడుమల మనుషులున్నరు కద” అని లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దు పొడవక ముందే మెట్లు దిగాను. పెట్టెలో ఎవరైనా వేలు పెట్టారేమో నా కళ్ళతో నేనే చూడాలని. చివరి గది ముందు కనిపించింది చూసి అక్కడే ఆగిపోయాను. వాకిట్లో అప్పుడే చల్లిన నీళ్ళు. తలుపుకు తడి చీర వేలాడుతోంది, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. పిల్ల తల్లి మాత్రం గల్లీలో మూడు ఇటుకలు పెట్టి, సెంట్రింగ్ చెక్కల ముక్కలతో మంట వేసి, చలిలో ముడుచుకుని అన్నం వండుతోంది. మళ్ళీ నీళ్ళ చెంబు అందుకుని దుమ్ము లేవకుండా లోపల బండల మీద కూడా చల్లింది. చుట్టం వచ్చే రోజు ఊళ్ళో పేడనీళ్ళ సాన్పి చల్లుతారే, అట్లా.

“ఏంది బిడ్డా, బయట వండుతున్నవ్?”

ఆమె ఉలిక్కిపడి లేచింది. ముందు నా ముఖం, తర్వాత నా చేతిలోని ఫోను చూసింది. “లోపట వండుతలేనమ్మా. ఆ డబ్బ పెట్టినకాడి నుంచి ఒక్కనాడు సుత వండలే. చూసుకోండ్రి కావాల్నంటే.”

“నేనేం చూసుకోవాలె?”

“మీ ఫోన్‌ల వస్తది గద.”

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. గదిలో కట్టెల పొయ్యి పెట్టొద్దని కిరాయికి ఇచ్చేటప్పుడు నేనే చెప్పాను, గోడలు నల్లబడతాయని. గ్యాసు అయిపోయిన రోజుల్లో ఆమె తలుపేసుకుని లోపలే చెక్కలు కాల్చి వండేదట. అట్లా నెలలో సగం రోజులు ఉండేవట. ఇంతలో పెట్టె వచ్చింది, నా వైఫైకి తగిలింది.

“మా బిల్డింగుల గూడ గిట్లనే డబ్బలుంటయమ్మా. లైటు ఎలుగుతది. మేం బాత్రూంల ఎంతసేపున్నమో సుత సూపర్వైజర్‌కు తెలుస్తది. ఇది గూడ గసొంటిదే అనుకున్న. ఎర్ర లైటు వస్తే పొగ పెట్టిందని మీకు తెలుస్తది, ఖాళీ చెయ్యుమంటరు. రోగం పిల్ల ఉన్నదంటే ఇగ మాకు ఇంకెవరిస్తరు ఇల్లు?” అంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. మాట అయ్యాక కూర్చుని మంట ఎగదోసింది.

నేను ప్లాంటువాళ్ళను అనుమానించాను, డాక్టర్లను అనుమానించాను, సమోసాలను కూడా అనుమానించాను. ఈమె ఇన్నాళ్ళూ నన్ను అనుమానిస్తూ, నాకు భయపడి చలిలో వండుతోంది. పిల్ల ఊపిరికి కారణం తెలుసుకోవడానికి పెట్టిన పెట్టె ముందు, ఆ కారణాన్నే తుడిచి తుడిచి దాచింది. చాలా బాధేసింది.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. “వైఫై మీది తీసుకోవడం మా తప్పండి. అసలు మీటింగుకి పిలవాల్సింది ఆవిడనండి” అంది. నిజమే. కిరాయిదారుల కష్టం చెప్పమని ఓనర్లను కూర్చోబెట్టుకున్నారు. మేమూ ముందు వరుసలో దర్జాగా కూర్చున్నాం.

ఆదివారం, ఆమెకు డ్యూటీ లేని రోజు చూసి, మీటింగు ఆ చివరి గది ముందే పెట్టారు. పక్క గదుల ఆడవాళ్ళు కూడా వచ్చారు. ఈసారి కుర్చీలు కలిపే పని పడలేదు, అందరం చాప మీదే కూర్చున్నాం. పెట్టెలో ఏముంది, ఎవరికి ఏం తెలుస్తుంది, ఎవరికి తెలియదు అన్నది ఆ అమ్మాయి మూత విప్పి మరీ చూపించింది. ఇంటర్నెట్‌కు పెట్టెలోనే సిమ్ వేస్తామంది, పెట్టె ఉందని ఏమీ మార్చకుండా రోజూ ఉన్నట్టే ఉండమంది. ఇంకేమైనా చెప్పమంటే పిల్ల తల్లి నా వైపు చూడకుండా అడిగింది: “టీచరమ్మ ఇంట్ల సుత ఒకటి పెడ్తరా?”

నేను గుక్క తిప్పుకోకుండా “పెట్టుండ్రి” అన్నాను. వంట ఎక్కడ వండినా, పొగ ఎంత వచ్చినా ఖాళీ చేయించనని అందరి ముందూ చెప్పాను. ఆమె తల ఊపింది. ఆ ఊపు నాకు తెలిసిందే, నేను గేటు తీసేటప్పుడు ఊపినట్టే ఉంది.

సిమ్ వేసిన పెట్టెలు మళ్ళీ బిగించే రోజు పొద్దున్నే లేచి మా వంటింటి గట్టు తుడిచాను. కిటికీ ఊచలు తుడిచాను. అగరొత్తి వెలిగించబోయి మానేశాను. బకెట్‌తో నీళ్ళు పట్టి గడప ముందు చల్లడానికి వంగాక గానీ తెలియలేదు నేనేం చేస్తున్నానో. కింద నుంచి పిల్ల తల్లి చూస్తోంది.

“చల్లకుండ్రి టీచరమ్మా” అంది. నవ్విందో లేదో అంత దూరం నుంచి తెలియలేదు.

బకెట్ అక్కడే వదిలి కిందికి దిగాను. చివరి గదిలో ఆ అమ్మాయి పెట్టె బిగించి పక్కకు జరిగింది. తలుపుకు తడి చీర లేదు, కిటికీ తెరిచే ఉంది. గ్యాసు అయిపోయిందట, పిల్ల తల్లి గది మూలన చెక్కలు పేర్చి అగ్గిపుల్ల గీసింది. మంచం మీద పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. ప్రహరీ అవతల కాంక్రీటు బండి కదిలి కిటికీలోంచి బూడిదరంగు దుమ్ము లోపలికి దూరింది. నెలంతా పచ్చగా వెలిగిన లైటు చూస్తుండగానే ఎర్రబడింది.

ఆమె పెట్టె వైపు చూడలేదు. నా వైపు చూసింది.

“ముందు పిల్లను పైకి, మా ఇంట్లకు తోలు” అన్నాను. “ఇగో, నా గ్యాస్ బండ ఒకటి ఖాళీగ పడున్నది, నింపిపిద్దాం. గా ప్లాంటోళ్ళ సంగతి రేపు మీటింగ్‌ల నువ్వే అడుగు.”

ఆమె లేవలేదు. “ఇప్పుడు చెప్పుండ్రి” అంది. “ఉండాల్నా, పోవాల్నా?”

“ఉండు.”

అప్పుడు లేచి పిల్లను ఎత్తుకుంది.